పథ్యంలో ఆ ఒక్క మాట తీసేయండి: మూర్ఛకు ఆకుమందు ఇచ్చే వైద్యులకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మూర్ఛకు పసరు, చూర్ణం, వేరు మందు ఇస్తున్న నాటు వైద్యులకు, మూలికల అంగళ్ళు నడుపుతున్న పెద్దలకు నమస్కారం.

నేను ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మా చెల్లెలికి పదో తరగతి నుంచి ఫిట్స్ ఉన్నాయి. మొక్కల మీద ఇష్టం ఒక పక్క, చెల్లెలి జబ్బు ఇంకో పక్క, ఈ రెండూ నన్ను ఏళ్ళ తరబడి మీ ఇళ్ళకు తిప్పాయి. తలకోన దారిలో, పలమనేరు చుట్టుపక్కల, నగరి వైపు పల్లెల్లో మీలో చాలామంది నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి మాట్లాడారు. అందుకే ఈ లేఖ కలెక్టరుకో ఆరోగ్య శాఖకో కాకుండా మీకే రాస్తున్నాను. డాక్టరు చెబితే సగమే వినే మనిషి, మీరు చెబితే పూర్తిగా వింటాడు. అది నేను కళ్ళారా చూశాను.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. మందు చేతిలో పెట్టేటప్పుడు మీరు పథ్యం చెబుతారు. అందులో చాలామంది "మా మందు తింటున్నన్నాళ్ళు ఇంగ్లీషు మాత్రలు ముట్టుకోకూడదు" అంటారు. దయచేసి ఆ మాట తీసేయండి. వంకాయ మానమనండి, గోంగూర మానమనండి, చేపలు, కోడికూర మానమనండి. ఫిట్స్ మాత్ర మాత్రం మానమనకండి.

ఆ మాట మీ తాతముత్తాతల నుంచి వచ్చిన పథ్యం కాదు. అలా వచ్చే వీలే లేదు. ఫినోబార్బిటోన్ మూర్ఛను అదుపు చేస్తుందని జర్మనీలో తెలిసింది 1912లో. ఫెనిటాయిన్ అమెరికాలో వెలుగులోకి వచ్చింది 1938లో. అవి మన పల్లెల దాకా రావడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. అంతకు ముందు మూర్ఛకు మందిచ్చిన మీ పెద్దల ఎదుట మాత్రలు వేసుకునే రోగే లేడు. మరి మాత్ర మానమని వాళ్ళెందుకు చెబుతారు? ఎవరో, ఎప్పుడో, రెండు మందులు కలిస్తే ఏమవుతుందోననే భయంతో చేర్చిన మాట అది. భయం న్యాయమైనదే, దాని గురించి కింద రాస్తాను. కానీ ఆ భయానికి మాత్ర ఆపడం మందు కాదు.

ఫిట్స్ వచ్చేది మెదడులోని కణాలు కొన్ని అదుపు తప్పి ఒక్కుమ్మడిగా కరెంటు వదిలినప్పుడు. మాత్ర ఆ కరెంటును రోజూ అణిచిపెడుతుంది. అది జబ్బును వేరుతో పెకలించదు. అలా రోజూ అణిచిపెడుతున్న మందును ఉన్నట్టుండి ఆపేస్తే, అణిగి ఉన్నది మునుపటికన్నా గట్టిగా తిరగబడుతుంది. ఒక ఫిట్ నుంచి తేరుకోకముందే ఇంకొకటి, దాని వెంట మరొకటి వస్తాయి. ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్ ప్రాణాంతకం, ప్రాణం దక్కినా మెదడు దెబ్బతినవచ్చు. డాక్టర్లు సైతం మాత్ర ఆపాలంటే మామూలుగా కనీసం రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా లేకుండా గడిచాకే ఆలోచిస్తారు. అప్పుడు కూడా నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. అంత జాగ్రత్తగా చేయాల్సిన పని పథ్యంలో ఒక్క మాటతో జరిగిపోతోంది.

మా చెల్లెలికి అదే జరిగింది. సంబంధాలు చూస్తున్న రోజులవి. పెళ్ళికొడుకు వాళ్ళ కంట మాత్రలు పడకూడదని అమ్మా నాయనా ఆమెను ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పేరు, ఊరు ఇక్కడ రాయను. ఆయన చెడ్డవాడు కాడు, డబ్బు కూడా పెద్దగా తీసుకోలేదు. ఒక మండలం తినమని పొడి ఇచ్చి, పథ్యం చెప్పాడు. మాత్రల డబ్బా బీరువా పైకి ఎక్కింది. కొద్ది రోజులకే ఒక తెల్లవారుజామున ఫిట్ మీద ఫిట్ వచ్చింది. ఆసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. చెల్లెలు బతికింది. కానీ ఆ తర్వాత చాలాకాలం ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా తడుముకుంటూ పిలిచేది. ఆ పెద్దాయనకు ఈ సంగతి ఎవరూ వెళ్ళి చెప్పలేదు. ఆయన లెక్కలో మా చెల్లెలు మళ్ళీ రాలేదు కాబట్టి నయమైపోయిన మనిషి. మీ దగ్గరికి తిరిగి రాని వాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎందరున్నారో ఒకసారి ఆలోచించండి.

మీ మందును తక్కువ చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. మూర్ఛకు మొక్కలు వాడటం మన దేశంలో చాలా పాత సంగతి. చరక సంహిత చికిత్సా స్థానంలో పదో అధ్యాయం మొత్తం అపస్మారానికే. బ్రాహ్మి రసం, వస, కోష్టు, శంఖపుష్పి, పాత నెయ్యి కలిపి చేసే బ్రాహ్మీ ఘృతం అందులోదే. అదే అధ్యాయంలో ఈ జబ్బు ఉన్న మనిషిని నీళ్ళ నుంచి, నిప్పు నుంచి, చెట్ల నుంచి, కొండల నుంచి కాపాడుకోవాలని కూడా ఉంది. ఇవాళ న్యూరాలజిస్టు చెప్పేదీ అదే: ఒంటరిగా బావిలో ఈత వద్దు, చెట్లెక్కొద్దు, పొయ్యి దగ్గర జాగ్రత్త, బండి నడపొద్దు.

మొక్క నుంచి మాత్ర దాకా వచ్చిన కథలు కూడా ఉన్నాయి. ఇప్పుడు చాలామంది వాడే వాల్‌ప్రోయేట్‌నే చూడండి. వలేరియన్ మొక్క వేరులో దొరికే ఒక ఆమ్లాన్ని పోలిన పదార్థంగా 1882లో దాన్ని తయారు చేశారు. ఎనభై ఏళ్ళ పాటు అది ఉత్త ద్రావకంగానే పడి ఉంది. 1960ల్లో ఫ్రాన్స్‌లో వేరే మందుల్ని అందులో కరిగించి పరీక్షిస్తుంటే, ఫిట్స్ ఆపుతున్నది ఆ మందులు కాదు, కరిగించిన ద్రావకమేనని బయటపడింది. మీరు వాడే జటామాంసి ఆ వలేరియన్‌కు దగ్గరి చుట్టమే. గంజాయి సంగతీ అంతే. 1840 ప్రాంతంలో కలకత్తాలో ఓషానెసీ అనే డాక్టరు గంజాయి చుక్కల మందు ఇచ్చి ఒక పసిబిడ్డకు ఫిట్స్ తగ్గించానని రాశాడు. 2018లో అమెరికా ప్రభుత్వం ఆ మొక్కలోని కానబిడయోల్ అనే ఒక్క పదార్థాన్ని వేరుచేసి, శుద్ధి చేసిన మందును పిల్లల్లో వచ్చే రెండు అరుదైన మూర్ఛలకు అనుమతించింది. చెట్టు మీద కోసుకున్న గంజాయికీ దానికీ సంబంధం లేదు, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఇందులో నేను చూపించదలచుకున్నది వేరే ఉంది. ఆ మందును పరీక్షించినప్పుడు పిల్లల మాత్రలు ఆపలేదు. మాత్రలు వేస్తూనే, దాని పైన ఇచ్చారు. అలా ఇస్తున్నప్పుడే, క్లోబజామ్ అనే ఫిట్స్ మాత్ర కూడా వాడే పిల్లల్లో, ఆ మాత్ర నుంచి వచ్చే పదార్థం రక్తంలో పెరిగి మత్తు ఎక్కువవుతోందని తెలిసింది. ఇప్పుడు దాన్ని చూసుకుని మోతాదు సరిచేస్తారు. రెండు మందులు కలిస్తే ఏమవుతుందోననే మీ భయానికి జవాబు ఈ దారిలోనే ఉంది. మాత్ర ఆపక్కరలేదు, ఏది దేనితో కలుస్తోందో తెలియాలి.

అందుకే నా రెండో విన్నపం. మీరు ఇచ్చే ఆకు ఏదో, వేరు ఏదో రోగికి చెప్పండి.

ఇది మీకు కష్టమని నాకు తెలుసు. ఆకు పేరు బయటపెడితే గుణం పోతుందని మీలో చాలామంది నమ్ముతారు. కానీ చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. 1992లో ముంబై పరిశోధకులు ఒక సంగతి ప్రచురించారు. ఫెనిటాయిన్ వేసుకుంటూ ఫిట్స్ లేకుండా ఉన్న ఇద్దరు రోగులు శంఖపుష్పి సిరప్ కూడా తాగడం మొదలుపెట్టాక మళ్ళీ ఫిట్స్ బారిన పడ్డారు. ఎలుకల్లో పరీక్షిస్తే, ఆ సిరప్ పదే పదే ఇచ్చినప్పుడు రక్తంలో ఫెనిటాయిన్ తగ్గిపోతున్నట్టు తేలింది. అది మంచి పేరున్న మందు, జ్ఞాపకశక్తి కోసం పిల్లలకు కూడా పోస్తారు. మిరియాలు దీనికి తలకిందులు. మిరియాల్లోని పైపెరిన్ ఫెనిటాయిన్‌ను రక్తంలో పెంచుతుంది. మీ చూర్ణాల్లో శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు సగానికి సగం ఉంటాయి కదా. రోగి ఏం తింటున్నాడో తెలిస్తే డాక్టరు రక్తపరీక్ష చేసి మోతాదు చూసుకోగలడు. తెలియకపోతే తూలుతున్నవాడికీ, ఫిట్స్ పెరిగినవాడికీ కారణం దొరకదు. రోగి చెప్పడు, మీరు చెప్పొద్దన్నారని.

పేరొక్కటే చెప్పినా చాలదు, రెమ్మ చూపించండి. శంఖపుష్పి అంటే మన చేల గట్ల మీద నేలకంటుకుని చిన్న నీలిపూలు పూసే విష్ణుక్రాంత అని మీరంటారు. ఉత్తరాదిలో ఆ పేరుతో అమ్మేది వేరే జాతి మొక్క. కేరళలో కంచెల మీద పాకే శంఖుపువ్వు తీగనే అలా పిలుస్తారు. బ్రాహ్మి అని అడిగితే ఒక అంగట్లో గుండ్రటి సరస్వతి ఆకు ఇస్తారు, ఇంకో అంగట్లో చెరువు తడిలో పాకే దళసరి ఆకుల మొక్క ఇస్తారు. ఇవన్నీ వేర్వేరు మొక్కలు, వాటి గుణాలూ వేరు. ఒకరికి పనిచేసిందని విని ఇంకొకరు ఇంకేదో మొక్క నూరి తాగుతున్నారు.

పేరు చెబితే కంపెనీలు కాజేస్తాయని కొందరు నాతో అన్నారు. ఆ భయం ఉత్తది కాదు. అయితే 2002 జీవవైవిధ్య చట్టం స్థానిక ప్రజలకు, నాటు వైద్యులకు తమ మొక్కల్ని మునుపటిలాగే వాడుకునే హక్కు ఉంచింది. పంచాయతీల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలన్నదీ ఆ చట్టమే. కేరళలో కాణి గిరిజనులు 1987లో ఆరోగ్యపచ్చ అనే మొక్కను శాస్త్రవేత్తలకు చూపించారు. దానితో తయారైన మందు లైసెన్సు డబ్బులోనూ రాయల్టీలోనూ సగం వాళ్ళకే చేరేలా ఒప్పందం జరిగింది. మన శేషాచలం అడవిలో యానాదులకు తెలిసిన మొక్కల సంగతులు కూడా వాళ్ళ పేరు మీదే నమోదు కావాలని నా కోరిక. అది వేరే పెద్ద పని, దాని గురించి మరోసారి రాస్తాను.

కొన్ని మందుల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెప్పాలి. ఈశ్వరి వేరు వాడకండి. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. దీని మీద అనుమానాలేమీ మిగల్లేదు. వస కొమ్ము అరగదీసి పసిపిల్లల నాలుకకు రాయడం మన ఇళ్ళలో ఆచారమే. కానీ అందులోని బీటా అసరోన్ ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చిందని అమెరికాలో 1968లోనే ఆహారంలో వసను నిషేధించారు. మన దేశపు వసలో ఆ పదార్థం మరీ ఎక్కువ. నెలల తరబడి చూర్ణంగా ఇవ్వడం మానండి.

ఇక కర్పూరం, నీలగిరి తైలం. ఫిట్స్ వచ్చిన మనిషికి తెలివి రావాలని ఈ రెండూ వాసన చూపిస్తారు, ఛాతీకి రాస్తారు, కొందరు కర్పూరం నూరి లోపలికి కూడా ఇస్తారు. ఈ రెండూ ఫిట్స్‌ను ఆపవు, తెప్పిస్తాయి. కర్పూరం మింగిన చిన్నపిల్లలకు నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. మూర్ఛ ఉన్న ఇంట్లో హారతి వెలిగించుకోవచ్చు, కానీ కర్పూరం బిళ్ళలు పిల్లలకు అందకుండా పెట్టమని మీరే చెప్పండి. ముక్కులో పసరు పిండటం ఇంకొకటి. ఫిట్స్‌లో ఉన్న మనిషి మింగలేడు. ముక్కులో పోసిందైనా నోట్లో పోసిందైనా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టి, గడియారం చూసుకుంటే చాలు. తాళాల గుత్తి చేతిలో పెట్టినా, ఉల్లిపాయ వాసన చూపించినా ఫిట్ ఆగదు. మామూలుగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగేది కాబట్టి ఆ పేరు తాళాలకు వచ్చింది. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

దానంతటదే ఆగడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ నమ్మకానికి మూలం చాలావరకు ఇక్కడే ఉంది. "మా మందుతో ఫలానా పిల్లాడికి పూర్తిగా నయమైంది" అని మీరు చెప్పేది అబద్ధం కాదు, ఆ పిల్లాణ్ణి నేనూ చూశాను. కానీ ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు జ్వరంతో వచ్చే ఫిట్స్ పెద్దయ్యేసరికి వాటంతటవే పోతాయి. బడి ఈడు పిల్లలకు నిద్రలో మూతి వంకర పోతూ వచ్చే ఒక రకం మూర్ఛ పదహారేళ్ళు దాటేలోపు దాదాపు అందరికీ తగ్గిపోతుంది. మొదటిసారి ఫిట్స్ వచ్చిన పెద్దవాళ్ళలో కూడా ఇంచుమించు సగం మందికి మళ్ళీ రాదు. వీళ్ళకు ఏ ఆకు ఇచ్చినా, ఏమీ ఇవ్వకపోయినా నయమవుతుంది. నయం కానివాడికి కారణం వేరే ఉండొచ్చు. మన దేశంలో పంది మాంసం ద్వారా మనుషుల పేగుల్లో చేరే బద్దెపురుగు గుడ్లు, వాళ్ళ మలంతో కలిసిన మురికి నీళ్ళ ద్వారా, కడగని ఆకుకూరల ద్వారా కడుపులోకి పోయి, మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ తెప్పించడం చాలా మామూలు. మాంసం ముట్టనివాళ్ళకు కూడా వస్తుంది. స్కానింగ్ తీస్తే గానీ అది కనపడదు. అందుకని మొదటిసారి ఫిట్స్ వచ్చిందని మీ గడప తొక్కే ప్రతి ఒక్కరినీ ముందు తిరుపతిలోని రుయా ఆసుపత్రికో, స్విమ్స్‌కో, చిత్తూరు పెద్దాసుపత్రికో, వేలూరుకో పంపించండి. పుత్తూరులో ఎక్స్‌రే చూసి కట్టు కట్టే వైద్యులున్నారు. పుత్తూరు కట్టు పేరు దానివల్ల తగ్గలేదు, పక్క రాష్ట్రాల నుంచి జనం ఇంకా వస్తూనే ఉన్నారు.

మీ దగ్గరికి జనం ఎందుకు వస్తారో నాకు తెలుసు. ఫెనిటాయిన్ ఏళ్ళ తరబడి వాడితే చిగుళ్ళు ఉబ్బుతాయి. ఫినోబార్బిటోన్‌తో పిల్లలు తరగతిలో తూగుతారు. వాల్‌ప్రోయేట్ వాడుతున్న ఆడపిల్ల గర్భవతి అయితే బిడ్డకు లోపాలు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఇవన్నీ నిజాలే, వీటిని విడమరిచి చెప్పే తీరిక మన ఆసుపత్రుల్లో ఎవరికీ లేదు. మీకుంది. మీరు ఆ మనిషి మాట పూర్తిగా వింటారు. ఆ తీరికతోనే, ఆ ఇబ్బంది ఉన్నవాళ్ళకు "మాత్ర మార్చమని డాక్టర్ని అడుగు, వేరే రకాలు ఉన్నాయి" అని చెప్పండి. సరైన మందు దొరికితే నూటికి డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆడపిల్లల విషయం మరీ ముఖ్యం. ఆసుపత్రి చీటీ బయటపడితే పెళ్ళి తప్పిపోతుందని, మీ పొడి అయితే ఎవరికీ తెలియదని తల్లిదండ్రులు మీ దగ్గరికి రహస్యంగా తెస్తారు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టమే మూర్ఛను పెళ్ళికి అడ్డుగా పెట్టింది. 1999లో ఆ మాటను చట్టంలోంచి తీసేశారు. ఇరవై ఏళ్ళు దాటినా ఊళ్ళల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. మూర్ఛ గాలీ కాదు, శాపమూ కాదు, అంటుకునేదీ కాదని అత్తగారింటి పెద్దలకు మీరు చెబితే, అది నేను తరగతిలో చెప్పినదానికన్నా ఎంతో దూరం వెళ్తుంది. అరగొండ అర్ధగిరి ఆంజనేయస్వామి కోనేటి నీళ్ళ మీద నమ్మకంతో తెచ్చుకునేవాళ్ళు తెచ్చుకోనివ్వండి. ఆ నీళ్ళతోనే మాత్ర కూడా మింగమని చెప్పండి.

మూలికల అంగళ్ళ వాళ్ళకు విడిగా ఒక మాట. "మూర్ఛ గ్యారంటీగా నయం" అని బోర్డు పెట్టడం, కరపత్రాలు పంచడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో మూర్ఛ పేరు ఉంది. అంతకన్నా ప్రమాదం, ఎవరో పొట్లాలు కట్టి తెచ్చిన పొడిని మీరు ఆయుర్వేదం అని నమ్మి అమ్మడం. అలాంటి పొడుల్లో ఫినోబార్బిటోన్ మాత్రలు నూరి కలిపిన ఉదంతాలు మన దేశంలో పరీక్షల్లో బయటపడ్డాయి. రోగి ఆకుమందు తింటున్నాననుకుంటూ ఏ లెక్కా లేని మోతాదులో మాత్రే తింటాడు. పొడి అయిపోయిన రోజు నుంచి అతనికి ఏమవుతుందో పైన రాశాను. ఎక్కడ తయారైందో, ఏం కలిసిందో లేబుల్ లేని పొడిని మీ అంగట్లోకి రానివ్వకండి.

మీలో ఎవరైనా మీ మొక్కను చూపిస్తానంటే, పువ్వో కాయో ఉన్న రెమ్మను పాత పేపరు మడతలో పెట్టి ఇవ్వండి. సెలవు రోజుల్లో నేనే మీ ఊరికి వచ్చి తీసుకుంటాను. దాని శాస్త్రీయ నామం ఏమిటో, ఏ మాత్రతో కలిస్తే ఇబ్బందో తెలిసినంత వరకు తెలుగులో కాగితం మీద రాసి మీకే ఇస్తాను. మీ అనుమతి లేకుండా ఆ పేరు ఎక్కడా ప్రచురించను. ఈలోగా మీ దగ్గరికి ఫిట్స్ అని వచ్చే మనిషిని ముందు మాత్రల చీటీ చూపించమని అడగండి. పొద్దున మాత్ర వేసుకున్నాడో లేదో అడిగి, వేసుకోకపోతే మీ ఎదుటే వేసుకోమనండి. మీ మందు ఆ తర్వాత ఇవ్వండి.

ఇట్లు,
మీ మేలు కోరే
ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
చిత్తూరు